అరచేతి లింగము - అద్వైత సాధన

అద్వైతమనగా రెండు లేకుండుట. జీవుడు వేరు, దేవుడు వేరు అను భావము నశించి, ఉన్నది ఒక్కటేయని తెలియుట. ఈ మాట ఒకప్పుడు మఠములలోను, పండితుల గోష్ఠులలోను మాత్రమే వినవచ్చెడిది. నేడు అట్లు కాదు. వేదాంత గ్రంథములు అందరికిని అందుచున్నవి. ఉపన్యాసములు ఊరూర జరుగుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయమే. అయినను దానివెంట ఒక సందేహము మన కుటుంబములలో ప్రవేశించినది.

ఉన్నత విద్య నభ్యసించి, ఉద్యోగ నిమిత్తము నగరమున స్థిరపడిన యువకుడు పండుగకు ఇంటికి వచ్చి తండ్రిని ఇట్లడుగును: "నాయనా, ఉన్నది ఒక్కటే అయినప్పుడు పూజించువాడెవడు? పూజ గొనువాడెవడు? నాలోనే శివుడున్నాడని పెద్దలు చెప్పుదురు గదా! మరి చేతిలో లింగమునుంచుకొని మ్రొక్కుట ద్వైతము కాదా?"

ఇట్టి ప్రశ్నను అవిధేయతగా నెంచి కసరుకొనుట తగదు. ఇది నిజమైన ప్రశ్న. దీనికి తగిన సమాధానము లభింపనిచో, ఆ యువకుడు నేడు లింగమును మెడనుండి తీసి పెట్టెలో భద్రపరచును. రేపు అతని బిడ్డలకు అది తాతలనాటి వెండి కరడిగెగా మాత్రమే మిగులును. కావున ఈ సందేహమును సాంతముగా విచారించుట గృహస్థులకును, మఠములకును కర్తవ్యమైయున్నది.

శాంకరాద్వైతము

అద్వైతమనగానే మొదట స్మరణకు వచ్చువారు శంకర భగవత్పాదులు. వారు ఉపనిషత్తులకును, భగవద్గీతకును, బ్రహ్మసూత్రములకును భాష్యములు రచించి, బ్రహ్మమొక్కటియే పరమార్థమని స్థాపించిరి. మసక వెలుతురులో త్రాడు పామువలె తోచినట్లు, అవిద్యచేత బ్రహ్మమునందు జగత్తు తోచుచున్నదని వారి సిద్ధాంతము.

అయితే ఈ సిద్ధాంతమును పైపైన చదివినవారు రెండు విషయములను విస్మరింతురు. ఒకటి: జ్ఞానము కలుగునంతవరకు వ్యవహార సత్యమును శంకరులు త్రోసివేయలేదు. ఆకలి, అప్పు, ధర్మము, కర్తవ్యము - ఇవన్నియు ఆ దశలో సత్యములే. రెండవది: జ్ఞానమునకు అర్హత కావలెను. నిత్యానిత్య వస్తు వివేకము, వైరాగ్యము, శమదమాది షట్కము, ముముక్షుత్వము అను సాధన చతుష్టయము లేనివాడు విచారణకు అధికారి కాడు. కాబట్టి "అంతయు మిథ్యయే, నాకు సాధన యేల?" అనువానికి శాంకరాద్వైతమునందును ఆశ్రయము లేదు.

శక్తివిశిష్టాద్వైతము

వీరశైవ దర్శనము కూడ అద్వైతమునే పరమగమ్యముగా చెప్పుచున్నది. కాని దాని మార్గము వేరు. నిప్పునుండి వేడిని విడదీయజాలనట్లు శివునినుండి శక్తిని విడదీయజాలము. అట్టి శక్తితో కూడిన శివుడొక్కడే తత్త్వమగుటచే దీనికి శక్తివిశిష్టాద్వైతమని పేరు వచ్చినది. శ్రీపతి పండితుడు బ్రహ్మసూత్రములకు శ్రీకరభాష్యమును రచించి వీరశైవ పక్షమును సమర్థించెను. శివయోగి శివాచార్యుని సిద్ధాంతశిఖామణి నూటొక్క స్థలములుగా ఈ సాధనను విస్తరించినది. మాయిదేవుని అనుభవసూత్రము దానిని సంగ్రహముగా బోధించినది.

ఈ దర్శనము ప్రకారము స్థలమను పరతత్త్వము తన లీలచేత రెండుగా భాసించును. ఉపాస్యమగునది లింగస్థలము, ఉపాసకుడగువాడు అంగస్థలము. శక్తియు రెండు విధములగును. లింగము నాశ్రయించిన శక్తి కళ. అంగము నాశ్రయించిన శక్తి భక్తి. ఇచ్చట గమనింపదగిన రహస్యమొకటి కలదు. భక్తి యనునది మానవుడు క్రొత్తగా సంపాదించుకొనునది కాదు. శివుని శక్తియే జీవునియందు భక్తిరూపమున నిలిచి, అతనిని వెనుకకు, అనగా మూలమునకు, నడిపించుచున్నది. రెండింటికిని మూలమొక్కటే యగుటచేత వాని కలయిక సాధ్యమగుచున్నది. ఆ కలయికకే లింగాంగ సామరస్యమని పేరు.

జగత్తు శివశక్తి విలాసమగుటచే అది కేవలము భ్రాంతి కాదు. నాగలి, మగ్గము, త్రాసు, కలము, ఇవన్నియు శివుని సొత్తులే. అందుచేతనే శరణులు శ్రమను విడిచి అడవులకేగుమని చెప్పలేదు. చేయు పనినే పూజగా మార్చుకొనుమని చెప్పిరి.

ఇష్టలింగము పరాయిది కాదు

ఇప్పుడు యువకుని ప్రశ్నకు వత్తము. చేతిలోని లింగము తనకంటె వేరైన దేవుని ప్రతిమయైనచో, ఆ పూజ ద్వైతమే యగును. కాని ఇష్టలింగము అట్టిది కాదు. దీక్షాకాలమున గురువు శిష్యుని మస్తకముపై హస్తమునుంచి, అతని యందలి చిత్కళనే లింగమున ప్రతిష్ఠించి, అతని కరతలమున నుంచుచున్నాడు. లోపలనున్న చైతన్యమే కంటికెదురుగా వచ్చినది. పూజింపబడునది పూజించువాని నిజస్వరూపమే.

కన్ను అన్నిటిని చూచును గాని తన్ను తాను చూడజాలదు. దానికి అద్దము కావలెను. అద్దమున కనబడు ముఖము రెండవ ముఖము కాదు. అద్దము చూచుకొనువానిని చూచి "వీనికి రెండు ముఖములు" అని యెవ్వరును అనరు. నిత్యము నల్లని లింగముపై దృష్టి నిలుపు సాధకుడును అట్లే తన్ను తాను దర్శించుకొనుచున్నాడు. కాబట్టి లింగపూజ అద్వైతమునకు అడ్డు కాదు. అద్వైతమును నోటి మాటగా మిగులనీయక దినచర్యగా చేయు ఉపాయమది.

దీక్షయు ఇంతతో ముగియదు. క్రియాదీక్షచేత స్థూలశరీరమునకు ఇష్టలింగము, మంత్రదీక్షచేత సూక్ష్మశరీరమునకు ప్రాణలింగము, వేధదీక్షచేత కారణశరీరమునకు భావలింగము సంబంధమగుచున్నవి. చేతిలోని లింగము ప్రాణమునకును, ప్రాణమునుండి భావమునకును వ్యాపింపవలెను. ఎన్ని యేండ్లు పూజించినను లింగము చేతిలోనే యుండి, ప్రాణములోనికి చేరనిచో, లోపము పూజయందు కాదు, పూజించువాని అవధానమునందు.

ఆరు స్థలములు

ఈ ప్రయాణమునకే షట్‌స్థలమని పేరు. భక్తస్థలమున శ్రద్ధ, మాహేశ్వర స్థలమున నిష్ఠ, ప్రసాది స్థలమున అవధానము, ప్రాణలింగి స్థలమున అనుభవము, శరణ స్థలమున ఆనందము, ఐక్య స్థలమున సమరసము. భక్తి యొక్కటియే ఇట్లు ఆరు రూపములుగా పక్వమగుచున్నది. పిందె కాయయై, కాయ పండైనట్లు ఇది జరుగును. పిందెను కోసి పండని పిలిచినంతమాత్రమున అది తీయనగునా? ఐక్యస్థలపు మాటను భక్తస్థలమున నిలిచియే పలుకుట నేటి సాధకునకు గల ప్రమాదములలో మొదటిది.

అక్క మహాదేవి కల్యాణమునకు వచ్చినప్పుడు అనుభవ మంటపమున అల్లమప్రభువు ఆమెను కఠినముగా ప్రశ్నించెనని సంప్రదాయము. ఆమె వైరాగ్యము మాటయా, అనుభవమా అని పరీక్షించిన పిమ్మటనే శరణులామెను గౌరవించిరి. అనంతరము ఆమె తెలుగుదేశమందలి శ్రీశైలమును చేరి, కదళీవనమున తన చెన్నమల్లికార్జునునియందు ఐక్యమందెను.

కల్యాణమున జరిగిన పరీక్ష

అద్వైతము నిజమా, మాటయా అని తేల్చునది నడవడి. పన్నెండవ శతాబ్దమున బసవేశ్వరుని నాయకత్వమున కల్యాణమునందు ఈ పరీక్ష రెండు విధముల జరిగినది.

ఒకటి ఇంటిలోపల. ఆయ్‌దక్కి మారయ్య నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము సలుపు శరణుడు. ఒకనాడతడు నిత్యముకంటె అధికముగా బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినదానిని తిరిగి యిచ్చి రమ్మని భర్తను మరల పంపెను. ఆ దంపతులు అద్వైతమును గూర్చి శాస్త్రచర్చ చేయలేదు. కాని ఇతరుని ఆకలి తన ఆకలికంటె వేరు కాదని తెలిసినవారికే అట్టి సంకోచము కలుగును.

రెండవది వీథిలో. చర్మకార కులమున పుట్టిన హరళయ్యయు, బ్రాహ్మణ కులమున పుట్టిన మధువరసయు లింగదీక్షచే సమానులైరి. సమానులమని పలికి ఊరకుండక, హరళయ్య కుమారునకు మధువరస కుమార్తెనిచ్చి వివాహము చేసిరి. లింగధారులకు పుట్టుకచే భేదము లేదను శివాచారమును వారు తమ బిడ్డల జీవితములతో నిరూపించిరి. బిజ్జలుడు ఆ యిరువురు తండ్రులకును క్రూరమైన మరణదండనమును విధించెనని సంప్రదాయము చెప్పుచున్నది. కల్యాణము అల్లకల్లోలమైనది. శరణులు చెల్లాచెదరైరి. ఈ చరిత్రను పదమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు ద్విపదలలో బసవపురాణముగా తెలుగువారికి అందించెను. 1369లో భీమకవి దానిని కన్నడమునకు తెచ్చెను.

నేటి సాధకునకు

ఈ వృత్తాంతమును ప్రతి సంవత్సరము బసవజయంతి సభలలో స్మరించుచున్నాము. కాని సంబంధములు చూచునప్పుడు లింగధారులలోనే ఉపశాఖలను లెక్కించి వెనుదీయుచున్నాము. పంక్తిభోజనమున అందరమొక్కటే యనియు, పిల్లనిచ్చునప్పుడు మాత్రము వేరనియు తలచినచో అది యే అద్వైతము? యువకుడు అడిగిన ప్రశ్నకు శాస్త్రమునుండి సమాధానమీయగలము. కాని "ఒక్కటే యని చెప్పుచు మీరేల భేదము పాటించుచున్నారు?" అని అతడు మరల అడిగినచో, సమాధానము గ్రంథములయందు దొరకదు. దానిని ఇంటి పెద్దలు తమ నడవడిచే ఈయవలసియున్నది.

కావున సాధకుడు మూడు నియమములను పట్టుకొనవలెను. ప్రతిదినము కొంతసేపైనను మౌనముగా లింగమును నిరీక్షింపవలెను. వచ్చిన సంపాదనలో ఎంత తనది, ఎంత దాసోహమునకు చెందవలసినది అని ఇంటిలో అందరును కలిసి యోచింపవలెను. ఎవరిని చూచినప్పుడు మనస్సు "వీడు వేరు" అని పలుకునో, అచ్చటనే తన అద్వైతము ఆగిపోయినదని గుర్తింపవలెను.

కుటుంబమున చర్చింపదగిన ప్రశ్నలు

1. ఇష్టలింగ పూజ ద్వైతమెందుకు కాదు? అద్దపు దృష్టాంతముతో వివరింపుడు.
2. లింగము నాశ్రయించిన శక్తికిని, అంగము నాశ్రయించిన శక్తికిని గల పేర్లేవి? వాని సంబంధమెట్టిది?
3. లక్కమ్మ బియ్యమును తిరిగి పంపుటకును అద్వైత భావమునకును సంబంధమేమి?
4. మన యింటిలో "వేరు" అను మాట ఎవరిని గూర్చి, ఏ సందర్భమున వాడబడుచున్నది?