టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చాలి? ఓడోమీటర్ చెప్పని లెక్క

కారులో చాలా భాగాలు పాడయ్యే ముందు ఏదో ఒక సూచన ఇస్తాయి. బ్రేక్ ప్యాడ్లు అరిగితే కీచుమంటాయి. బ్యాటరీ బలహీనపడితే ఇంజిన్ ఒక పట్టాన స్టార్ట్ కాదు. టైమింగ్ బెల్టు అలా కాదు. పొద్దున వరకూ బాగానే తిరిగి, మధ్యాహ్నం నడిరోడ్డు మీద తెగిపోవచ్చు. అందుకే దాన్ని పాడయ్యాక కాకుండా, గడువు చూసుకుని ముందే మారుస్తారు. ఆ గడువును చాలామంది కిలోమీటర్లతోనే కొలుస్తారు. నిజానికి బెల్టు ఆయుష్షును తేల్చేవి మూడు: కారు నడిచిన కిలోమీటర్లు, ఇంజిన్ తిరిగిన గంటలు, గడిచిన సంవత్సరాలు. ఓడోమీటర్ చూపేది వీటిలో మొదటిదాన్ని మాత్రమే.

బెల్టు చేసే పని

నాలుగు దశల ఇంజిన్‌లో ప్రతి సిలిండర్ గాలిని పీల్చుకుని, నొక్కి, ఇంధనాన్ని మండించి, పొగను బయటికి పంపుతుంది. ఈ నాలుగు పనులూ పూర్తయ్యేసరికి పిస్టన్లకు తగిలించిన క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరుగుతుంది. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ మాత్రం ఒక్క చుట్టే తిరగాలి. అందుకే క్యామ్‌షాఫ్ట్ చక్రానికి క్రాంక్‌షాఫ్ట్ చక్రం కంటే సరిగ్గా రెట్టింపు పళ్లు ఉంటాయి. ఈ చక్రాలను కలుపుతూ, ఒక్క పన్ను కూడా తప్పకుండా తిప్పే పళ్ల పట్టీయే టైమింగ్ బెల్టు.

పళ్లున్న బెల్టు మొదట కుట్టు మిషన్లలో వాడుకలోకి వచ్చింది. 1960ల తొలినాళ్లలో జర్మనీలో తయారైన గ్లాస్ 1004 కారుతో కార్ల ఇంజిన్లలోకి అడుగుపెట్టింది. గొలుసుతో పోలిస్తే ఇది తేలిక, చప్పుడు తక్కువ, మామూలు రకాలకు నూనె అక్కర్లేదు.

ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంటే క్రాంక్‌షాఫ్ట్ సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది. ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. చాలా ఇంజిన్లలో తెరుచుకున్న వాల్వు, పైకి వచ్చిన పిస్టన్ ఒకే చోటును వేర్వేరు క్షణాల్లో వాడుకుంటాయి. వీటిని ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్లు అంటారు. ఇలాంటి ఇంజిన్‌లో బెల్టు తెగితే క్యామ్‌షాఫ్ట్ దాదాపు వెంటనే ఆగిపోతుంది. కొన్ని వాల్వులు తెరిచే ఉండిపోతాయి. గేరులో ఉన్న కారు చక్రాలు మాత్రం క్రాంక్‌షాఫ్ట్‌ను ఇంకా తిప్పుతూనే ఉంటాయి. పైకి వచ్చిన పిస్టన్ కిందికి దిగి మళ్లీ పైకి రావడానికి పట్టే సమయం 20 మిల్లీసెకన్లు. డ్రైవర్ క్లచ్ తొక్కేలోపే పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి.

అప్పుడు సిలిండర్ హెడ్ విప్పక తప్పదు. బెల్టు మార్చడానికయ్యే ఖర్చుకు అది ఎన్నో రెట్లు. అంతకంటే పెద్ద సంగతి భద్రత. హైవే మీద ఇంజిన్ ఆగిపోతే పవర్ స్టీరింగ్ బరువెక్కవచ్చు. బ్రేకుకు సాయపడే వాక్యూమ్ కొన్ని సార్లు తొక్కేసరికి అయిపోతుంది. ఆ తర్వాత పెడల్‌ను ఎంతో బలంగా తొక్కితే తప్ప బండి ఆగదు.

రబ్బరుకు వయసు ఎలా మీద పడుతుంది

బెల్టు చూడటానికి రబ్బరు పట్టీలా ఉన్నా, లాగుడు బలాన్ని మోసేవి దాని లోపలి గ్లాస్ ఫైబర్ తాళ్లు. వాటి చుట్టూ వేడిని తట్టుకునే నైట్రైల్ జాతి రబ్బరు, పళ్ల మీద నైలాన్ వస్త్రం ఉంటాయి. చక్రం మీదుగా వెళ్లిన ప్రతిసారీ బెల్టు వంగి, మళ్లీ తిన్నగా అవుతుంది. ఇనుప తీగను పదేపదే వంచితే తెగినట్టే, ఈ తాళ్లలోని సన్నని పోగులు కూడా కాలక్రమంలో అలసిపోతాయి. ఇది ఇంజిన్ తిరిగినంతసేపూ జరిగే అరుగుదల.

రెండోది రసాయన మార్పు. వేడి, ఆక్సిజన్ కలిసి రబ్బరులోని పొడవాటి అణువుల గొలుసుల మధ్య కొత్త బంధాలు ఏర్పరుస్తాయి. కొన్నిచోట్ల ఉన్నవాటిని తెంచుతాయి. రబ్బరు సాగే గుణం కోల్పోయి గట్టిపడుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని స్థూలంగా లెక్కిస్తారు. ఇంజిన్ ఆపేసినా ఈ మార్పు పూర్తిగా ఆగదు. షెడ్డులో ఏళ్ల తరబడి నిలిపి ఉంచిన కారు బెల్టుకూ వయసు మీద పడుతుంది.

పాతకాలపు బెల్టుల మీద పగుళ్లు కనిపించేవి. ఇప్పటి రబ్బరు పైకి నిగనిగలాడుతూ ఉండగానే లోపలి తాళ్లు బలహీనపడవచ్చు. కాబట్టి మూత తీసి చూసి, ‘ఇంకా బాగానే ఉంది’ అనుకోవడం నమ్మదగిన పరీక్ష కాదు.

ఒకే ఓడోమీటర్, రెండు కార్లు

రెండు కార్లు చెరో 60,000 కిలోమీటర్లు తిరిగాయనుకుందాం. ఒకటి ఎక్కువగా హైదరాబాద్–విజయవాడ హైవే మీద, సగటున గంటకు 60 కిలోమీటర్ల వేగంతో నడిచింది. దాని ఇంజిన్ 1,000 గంటలు పనిచేసింది. సగటున నిమిషానికి 2,200 చుట్ల చొప్పున క్రాంక్‌షాఫ్ట్ 13.2 కోట్ల చుట్లు తిరిగింది. రెండో కారు నగరంలోని సిగ్నళ్ల మధ్య, సగటున గంటకు 20 కిలోమీటర్ల వేగంతో నడిచింది. దాని ఇంజిన్ 3,000 గంటలు పనిచేసింది. సగటున 1,400 చుట్లే అనుకున్నా మొత్తం 25.2 కోట్ల చుట్లు.

క్రాంక్‌షాఫ్ట్ చక్రానికి 20 పళ్లు, పన్నుకూ పన్నుకూ మధ్య 8 మిల్లీమీటర్లు ఉంటే ఒక్కో చుట్టుకు బెల్టు 16 సెంటీమీటర్లు కదులుతుంది. ఆ లెక్కన మొదటి కారు బెల్టు సుమారు 21,000 కిలోమీటర్లు, రెండో కారు బెల్టు 40,000 కిలోమీటర్లకు పైగా పరుగెత్తాయి. రెండోది భూమధ్యరేఖ చుట్టుకొలతతో సమానం. ఓడోమీటర్లు మాత్రం రెండింటికీ ఒకే అంకె చూపుతాయి. నగరపు రద్దీ, దుమ్ము, ఎండ, ఎక్కువసేపు ఆగి ఉన్న చోటే ఇంజిన్ తిరగడం వంటి వాటిని చాలా తయారీ సంస్థలు కఠిన వినియోగంగా పరిగణించి, తక్కువ గడువు సూచించడానికి కారణం ఇదే.

టెన్షనర్ ఎందుకు ముఖ్యం

ఇంజిన్ వేడెక్కితే లోహం వ్యాకోచిస్తుంది. 30 సెంటీమీటర్ల అల్యూమినియం భాగం 70 డిగ్రీలు వేడెక్కితే సుమారు అర మిల్లీమీటరు పెరుగుతుంది. గ్లాస్ ఫైబర్ తాళ్లు అంతగా సాగవు. పైగా వాల్వు స్ప్రింగులు తెరుచుకునేటప్పుడు ఎదురుతిరుగుతాయి, మూసుకునేటప్పుడు ముందుకు తోస్తాయి. దీంతో బెల్టు బిగుతు క్షణక్షణం మారుతుంది. స్ప్రింగుతోనో, నూనె ఒత్తిడితోనో ఈ తేడాలను సర్దేది టెన్షనర్.

టెన్షనర్ వదులైతే బెల్టు ఒక పన్ను దాటవచ్చు. 40 పళ్ల క్యామ్‌షాఫ్ట్ చక్రం మీద ఒక పన్ను అంటే 9 డిగ్రీలు. క్రాంక్‌షాఫ్ట్ లెక్కలో 18 డిగ్రీలు. ఆ మాత్రానికే ఇంజిన్ కుదుపులకు లోనై శక్తి కోల్పోతుంది. ఇంకొన్ని పళ్లు దాటితే వాల్వుకు పిస్టన్ తగులుతుంది. టెన్షనర్ కప్పీలోని బేరింగ్‌కు కొత్తగా గ్రీజు పెట్టే వీలుండదు. తయారీలో పెట్టిందే చివరిదాకా. అది ఎండిపోయి బేరింగ్ బిగుసుకుంటే కొత్త బెల్టు కూడా రాపిడికి వేడెక్కి తెగుతుంది. ఇంజిన్ ముందుభాగం నుంచి గురగుర శబ్దం వస్తే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

అందుకే బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ కప్పీలు ఒకే కిట్‌గా మార్చడం మంచిది. నీటి పంపును కూడా ఈ బెల్టే తిప్పే ఇంజిన్లలో దాన్నీ అప్పుడే మార్చేస్తారు. వీటికి విప్పాల్సిన భాగాలు దాదాపు అవే కాబట్టి మళ్లీ కూలి పడదు.

మార్చే ముందు, మార్చేటప్పుడు

మొదట కారులో ఉన్నది బెల్టా, గొలుసా అన్నది తెలుసుకోవాలి. మారుతి 800లో బెల్టు ఉండేది. ఆ సంస్థ తర్వాత తెచ్చిన కె-సిరీస్ ఇంజిన్లలో గొలుసు ఉంది. బయటికి కనిపిస్తూ ఆల్టర్నేటర్‌ను తిప్పే ఫ్యాన్ బెల్టు వేరు, మూత లోపల ఉండే టైమింగ్ బెల్టు వేరు. ఫ్యాన్ బెల్టు మార్చిన బిల్లు చూసి టైమింగ్ బెల్టు మార్చారని అనుకోకూడదు.

గడువు విషయంలో తుది మాట ఆ ఇంజిన్‌కు ఇచ్చిన మాన్యువల్‌దే. చాలా ఇంజిన్లకు అది 60,000 నుంచి 1,50,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. దాంతోపాటు సంవత్సరాల పరిమితి కూడా ఉంటుంది. రెండింటిలో ఏది ముందు వస్తే అదే గడువు. పదేళ్లలో 25,000 కిలోమీటర్లే తిరిగిన కారుకూ ఇది వర్తిస్తుంది. బెల్టు మీదికి ఇంజిన్ ఆయిల్ గానీ, కూలెంట్ గానీ కారుతుంటే గడువు దాకా ఆగకూడదు. కొన్ని కొత్త ఇంజిన్లలో బెల్టు నూనెలోనే తిరుగుతుంది. వాటికి మాన్యువల్ చెప్పిన రకం ఆయిలే పోయాలి.

కొత్త బెల్టును మడిచినా, మెలిపెట్టినా లోపలి గ్లాస్ ఫైబర్ పోగులు విరుగుతాయి. బిగించాక ఇంజిన్‌ను స్టార్ట్ చేయకుండా, క్రాంక్‌షాఫ్ట్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు సరిపోయాయో లేదో చూడాలి. క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు పూర్తి చేయాలంటే క్రాంక్‌షాఫ్ట్ రెండు తిరగాలి కదా!

పాత కారు కొన్నవారికి బెల్టు ఎప్పుడు మార్చారో తెలిపే బిల్లు దొరక్కపోతే, గడువు దాటిందనే భావించి కిట్ మార్పించుకోవడమే క్షేమం. మార్చిన తేదీని, అప్పటి కిలోమీటర్లను ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అంటిస్తే, తర్వాత ఆ కారు ఎవరి చేతికి వెళ్లినా ఈ అనుమానం ఉండదు.