యాత్రికుని తొలి దినము

ఎరుగని ప్రాచీన స్థలమునకు చేరిన యాత్రికుడు తొలి దినమున ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు సమాధానమును మేము విజయనగరమునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున నున్న రామతీర్థములో విద్యార్థులతో కలసి నేర్చుకొన్నాము.

ఉదయమే గురుభక్తుల కొండ ఎక్కినాము. కొండ అంచు వెంబడి బౌద్ధుల స్తూప, చైత్య, విహార శిథిలములున్నవి. “ఇవి వట్టి ఇటుకలే గదా!” అన్నాడొక విద్యార్థి. మరొకడు మేకుతో గోడపై తన పేరు చెక్కబోయినాడు. మందలించబోయి ఆగినాము. చూచుట ఎట్లో వీరికి మేము నేర్పితిమా?

అప్పుడు హ్యూయన్‌త్సాంగ్ కథ చెప్పినాము. 7వ శతాబ్దిలో కళింగాంధ్ర దేశములు తిరిగిన ఆ చైనా బౌద్ధభిక్షువు, రాజధానుల చుట్టుకొలతను, విహారముల సంఖ్యను వ్రాసుకొన్నాడు. తన మతము కాని వారి ఆలయములను సైతము లెక్కించినాడు.

పిల్లలు పుస్తకములు తీసినారు. ఇటుకల పొడవు కొలిచినారు. పక్క కొండలపై జైన విగ్రహములను, దిగువ రామాలయమును వ్రాసుకొన్నారు. ఇచటి గుహలో తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుని 11వ శతాబ్ది శాసనమున్నది. త్రికాలయోగి సిద్ధాంతదేవుడను జైనాచార్యుడు రామకొండకు నమస్కరించినట్లు అది చెప్పుచున్నది. ఒక మతాచార్యుని వందనము, మరొక మతము వారికి ప్రియమైన పేరు ఒకే రాతిపై నిలిచినవి.

సాయంకాలమునకు మేకు జేబులోనికి పోయినది. ఆ పిల్లవాని పేరు అతని పుస్తకము మీదనే ఉన్నది. విద్యార్థులారా, ఏ ఊరికి పోయినను తొలి దినమున తీర్పు చెప్పకుడు. కొలువుడు, అడుగుడు, వ్రాసుకొనుడు. మనవి కాని వానిని కూడ లెక్కలోనికి తీసికొనుడు.