శిక్షణ చేతికి మాత్రమేనా, మనసుకు కూడానా?



ఈ పాఠానికి జపాన్‌లో జరిగిన ఒక సంఘటనను తీసుకుందాం.

2023 జూన్ 14. గిఫు నగరంలోని హినో కిహోన్ ఫైరింగ్ రేంజి. ఉదయం 9 గంటల ప్రాంతం. భూతల ఆత్మరక్షణ దళంలో కొత్తగా చేరిన యువకులకు రైఫిల్ శిక్షణ జరుగుతోంది. వాళ్లలో ఒకడికి 18 ఏళ్లు. ఏప్రిల్‌లోనే చేరాడు. అతను ఆదేశం రాకుండానే తుపాకీలో తూటాలు నింపి, తన దళం వాళ్ల మీదే కాల్చాడు. 52 ఏళ్ల శిక్షకుడు ఒకరు, 25 ఏళ్ల సైనికుడు ఒకరు చనిపోయారు. 25 ఏళ్ల మరో సైనికుడు గాయపడ్డాడు. ఆ వెంటనే దేశమంతటా ఆ దళంలో తూటాలతో చేసే శిక్షణను ఆపేశారు. ఇలాంటిది అక్కడ మొదటిసారేమీ కాదు. 1984లో యామాగుచి శిబిరంలో కూడా తుపాకీ శిక్షణ జరుగుతుండగా ఒక సైనికుడు తోటివాళ్ల మీద కాల్చాడు.

ఇక్కడ యుద్ధం లేదు, శత్రువు లేడు. చనిపోయినవాళ్లు నేర్పడానికి, కాపు కాయడానికి నిలబడ్డవాళ్లు. మరి తుపాకీ ఎవరి మీద పేలినట్టు? ఈ ప్రశ్ననే ధమ్మం వెలుగులో చూద్దాం.

చంపాలనే కోరిక

"బౌద్ధులం కదా, సైన్యంలో, పోలీసుల్లో చేరొచ్చా?" అని మన పిల్లలు అడుగుతుంటారు. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సుబేదార్ సైన్యంలో పనిచేసినవాడే. బాబాసాహెబ్ పుట్టింది కూడా మౌ కంటోన్మెంటులోనే. "బుద్ధుడు - ఆయన ధమ్మం" గ్రంథంలో బాబాసాహెబ్ అహింసను వివరిస్తూ ఒక తేడా చూపించారు. చంపక తప్పని అవసరం వేరు, చంపాలనే కోరిక వేరు. బుద్ధుడు నిషేధించింది ఆ కోరికను. వైశాలి సేనాపతి సింహుడు వచ్చి యుద్ధం గురించి అడిగిన ప్రశ్న కూడా ఆ గ్రంథంలోనే ఉంది. తప్పకుండా చదవండి.

ఈ తేడాతో గిఫు సంఘటనను చూడండి. అక్కడ ఏ అవసరమూ లేదు. తుపాకీ ఎలా పట్టుకోవాలో, గురి ఎలా చూడాలో చేతికి నేర్పారు. కానీ ట్రిగ్గర్ మీద వేలు పెట్టించేది మనసే. మనసుకు శిక్షణ లేకపోతే చేతికిచ్చిన శిక్షణ మనవాళ్ల మీదికే తిరుగుతుంది.

మహాడ్‌లో ఏం జరిగింది?

"అన్నా, అవమానం జరిగినా కోపం రాకూడదా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగినందుకు మనవాళ్లను కొట్టారు. ఆ రోజు బాబాసాహెబ్ వెంట సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లు పోరాటం తెలిసినవాళ్లు. రక్తం మరిగిపోతోంది. ఒక్క మాట అంటే చాలు, తిరగబడేవాళ్లే. బాబాసాహెబ్ ఆ మాట అనలేదు, వాళ్లను ఆపారు. అలాగని ఊరుకున్నారా? ఊరుకోలేదు. చెరువు కేసు పదేళ్లు నడిచింది. 1937లో బొంబాయి హైకోర్టు మన పక్షాన తీర్పు ఇచ్చింది.

కోపాన్ని మింగి కూర్చోవడం ధమ్మం కాదు. కోపం చేతికి మనసునివ్వడం అంతకన్నా కాదు. అన్యాయాన్ని ఎదిరించే పనిని తెలివికి అప్పగించాలి.

సాధన ఎలా?

అష్టాంగ మార్గంలో సమ్యక్ వ్యాయామం ఉంది. అందులో నాలుగు పనులు: పుట్టని చెడును పుట్టనివ్వకపోవడం, పుట్టిన చెడును వదిలించుకోవడం, లేని మంచిని పుట్టించడం, ఉన్న మంచిని కాపాడుకోవడం.

చెడు తలపు వచ్చేసినప్పుడు ఏం చేయాలో బుద్ధుడు భిక్షువులకు ఒక పోలికతో చెప్పాడు. వేగంగా పోయే మనిషి "ఎందుకింత వేగం?" అనుకుని నెమ్మదిగా నడుస్తాడు. తర్వాత నిలబడతాడు. ఆపై కూర్చుంటాడు, పడుకుంటాడు. అలాగే కోపం వేగాన్ని ఒక్కో మెట్టు దించాలి. ఇది ఎక్కడ పుట్టింది, ఏ మాటకు పుట్టింది అని వెతకాలి. ఆనాపానసతి చేసేవాళ్లకు ఇది తొందరగా అలవాటవుతుంది.

ఇది కుర్రాళ్లు ఒక్కళ్లే చేసే పని కూడా కాదు. నేర్పేవాళ్లకూ బాధ్యత ఉంది. మందలించడం వేరు, నలుగురిలో పరువు తీయడం వేరు. హాస్టల్లో, పని దగ్గర, శిబిరంలో ఒక పిల్లాడు మాట్లాడటం మానేశాడంటే పక్కన కూర్చుని "ఏం తమ్ముడూ, ఏమైంది?" అని అడిగే మనిషి ఒకరుండాలి. మైత్రి అంటే అదే. అలా అని చంపినవాడి నేరం తగ్గిపోదు. కర్మకు బాధ్యత చేసినవాడిదే. కానీ ఇంకో చావును ఆపాలంటే శిక్ష ఒక్కటే చాలదు.

విహారంలో చర్చించండి

1. చంపక తప్పని అవసరానికి, చంపాలనే కోరికకు తేడా ఏమిటి? మీ మాటల్లో చెప్పండి.

2. మహాడ్‌లో మనవాళ్లు తిరగబడి ఉంటే ఆ తర్వాత ఏం జరిగేది?

3. పోలీసు, సైన్యం ఉద్యోగాలకు సిద్ధమవుతున్న మన ఊరి పిల్లలు పరుగు, లాంగ్ జంప్ ప్రాక్టీసు చేస్తున్నారు. రోజుకు 10 నిమిషాలు ఆనాపానసతి నేర్పే బాధ్యత మీలో ఎవరు తీసుకుంటారు?

మూడో ప్రశ్నకు జవాబుగా ఒక పేరు రాసుకున్నాకే సమావేశం ముగించండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!