క్రొత్త నేల, పాత తలుపు

నందికొట్కూరు ప్రాంతమున నేల యనగానే మనకు తోచునది బండ. బేతంచెర్ల గనుల నుండియు, కొలిమిగుండ్ల, అవుకు పరిసరముల నుండియు వచ్చు సున్నపురాతి బండలను తరతరములుగా మన యిండ్లలోను, బడులలోను పరచుచున్నారు. ఇటీవల పింగాణీ టైల్సు కూడ వచ్చినవి. ఏవి పరచినను, గ్రామపంచాయతీ కార్యాలయమునకో, పాఠశాలకో, అంగన్‌వాడీ గదికో నేల మార్చవలెనని సభ్యులు తీర్మానించునప్పుడు అంచనా పట్టికలో రాయి, సిమెంటు, ఇసుక, కూలి అన్నియు ఉండును. తలుపు మాత్రము ఉండదు. పని ముగిసిన నాడు తలుపు తెరువబోగా అది సగము తిరిగి బండకు తగిలి నిలిచిపోవును. అప్పుడు బేల్దారి మేస్త్రి క్రొత్త బండపైననే ఉలితో అర్ధచంద్రాకారముగా గాడి చెక్కును; లేదా వడ్రంగి తొందరపడి తలుపు అడుగున మూడంగుళములు కోసివేయును. రెండును నష్టమే. గాడిలో నీరు నిలుచును. కోసిన తలుపు మరల పెరుగదు.

ఇచ్చటి పాత తలుపులు సామాన్యమైనవి కావు. నల్లమల టేకుతో చేసిన దళసరి రెక్కలు పాత మిద్దెలలో నేటికిని చెక్కుచెదరక తిరుగుచున్నవి. 1981 ప్రాంతమున శ్రీశైలము జలాశయము నిండినప్పుడు కృష్ణా, తుంగభద్రల ఒడ్డున ఊళ్లు విడిచిన కుటుంబములు తమ మట్టిగోడలను వెంట తెచ్చుకొనజాలవు గదా. విప్పి బండి కెత్తదగినవి దూలములు, ద్వారబంధములు, తలుపులు మాత్రమే. అట్టి కొయ్యను నేడు కొనవలెనన్న దొరకుట కష్టము, దొరికినను ధర భరింపరానిది. పంచాయతీ భవనమునకు అట్టి తలుపున్నచో అది పంచాయతీ ఆస్తి. దానిపై రంపము పెట్టుటకు ముందు సభ్యులు ఒక లెక్క చూడవలెను.

ఆ లెక్క నేల ఎత్తును గూర్చినది. నాపబండ మందము సామాన్యముగా ఒక అంగుళము మొదలు అంగుళమున్నర వరకు ఉండును. బండ అడుగు భాగము ఎగుడుదిగుడుగా నుండుటచే దాని క్రింద గచ్చు కూడ ఇంచుమించు అంతియే పట్టును. కావున పాతనేల మీదనే బండలు పరచినచో నేల రెండు నుండి మూడంగుళములు లేచును. పింగాణీ టైల్సు విషయము వేరు. వాని మందము 8 నుండి 10 మిల్లీమీటర్లు. చదునైన సిమెంటు నేలపై జిగురు పిండితో అతికించినచో మొత్తము ఎత్తు అర అంగుళమునకు కొంచెము మించును.

ఇక తలుపు నిర్మాణము చూడుడు. చట్రపు తలుపునకు ఇరువైపుల నిలువు కమ్ములు, అడుగున ఒక అడ్డపట్టీ ఉండును. ఆ పట్టీ వెడల్పు పెక్కు తలుపులలో ఆరు నుండి ఎనిమిది అంగుళములు. దాని కొనలు నిలువు కమ్ములకు తొలిచిన బెజ్జములలోనికి దూరి యుండును. తలుపు బరువునంతయు పట్టి యుంచి, మూలలు విడిపోకుండ కాపాడునది ఆ కూర్పే. ఒక అంగుళము వరకు కోసినను దానికి ముప్పు రాదు. మూడంగుళములు కోసినచో బెజ్జమే బయటపడవచ్చును. అటుపిమ్మట కొలది సంవత్సరములలో రెక్క వ్రేలాడి మరల నేలను రాచును. కావున మా అభిప్రాయ మిది: అంగుళమునకు లోబడినచో తలుపును కోయవచ్చును, అంగుళము దాటినచో పాతనేలను త్రవ్వి దించవలెను. మట్టినేలను, పాత సున్నపు గచ్చును త్రవ్వుట రెండు మనుష్యుల పని. ఆ కూలి మిగులునని టేకు తలుపును బలి యిచ్చుట పొదుపు కాదు.

కొన్ని చోట్ల క్రొత్త నేల లేకయే తలుపు నేలను రాచుచుండును. అట్టిచో మొదట పై బందును చూడవలెను. మరమేకులు వదులై రెక్క ఒకవైపు జారినదేమో పరీక్షింపవలెను. జారిన తలుపునకు మందు రంపము కాదు, బిగింపు. పాత రంధ్రములలో చిన్న టేకు పుల్లలు దిగగొట్టి, పొడవైన మరమేకులు బిగించినచో పెక్కు తలుపులు తమ స్థానమునకు వచ్చును. వానకాలములో మాత్రమే బిగియు తలుపునకు కూడ అడుగు కోయరాదు. కొయ్య తేమకు అడ్డముగా ఉబ్బును గాని నిలువుగా పెరుగుట అత్యల్పము. అది పట్టుకొనునది ప్రక్కనే.

తలుపును ఎప్పుడు విప్పవలెను? నేల పని మొదలు పెట్టుటకు ముందే. ఒక రెక్క 2 మీటర్ల ఎత్తు, 1 మీటరు వెడల్పు, 4 సెంటీమీటర్ల మందము గలదనుకొందము. అది 0.08 ఘనపు మీటరు. ఎండిన టేకు ఘనపు మీటరు ఇంచుమించు 650 కిలోలు తూగును. అనగా ఆ రెక్క 52 కిలోలు, ఇనుప సామాను అదనము. దీనిని ఒక్కడు విప్పబూనుట కాలివ్రేళ్లకు ప్రమాదము. ఇద్దరు పట్టుకొనవలెను, మూడవవాడు విప్పవలెను. తలుపును సగము తెరచి, బందులకు దూరముగా నున్న అంచు క్రింద కొయ్య చీలికలు దూర్చి బరువు వానిపై నిలుపవలెను. ముందు క్రింది బందు, తరువాత నడిమిది, చివరకు పైది విప్పవలెను. మరల ఎక్కించునప్పుడు పైది ముందు. త్రుప్పు పట్టిన మరమేకుపై కిరోసిను చుక్కలు వేసి ఒక పూట వదలిన సులభముగా వచ్చును; గాటిలో గడ్డకట్టిన రంగును ముందే గోకివేయవలెను. జంటతలుపు లైనచో ఏది కుడి, ఏది ఎడమ, ఏ గదిది అను గురుతులు సుద్దతో వ్రాసియుంచుట మరువరాదు. ఈ చిన్న పని చేయక, నాలుగు గదుల తలుపులు కలిసిపోయి పూటంతయు వెదకుకొన్నవారు గలరు. విప్పిన రెక్కలను ఎండలో గోడకు వాల్చినచో వంగును. నీడలో, కొయ్యదిమ్మెలపై అంచు మీద నిలువుగా ఉంచవలెను.

నేల పూర్తిగా ఆరి గట్టిపడిన తరువాతనే కొలత. ద్వారబంధము పై కమ్మి నుండి క్రిందికి కొలుచుటతో సరిపెట్టుకొనరాదు. నీరు పోవుటకై నేలకు వాలు ఇచ్చియుందురు; కావున తలుపు తిరుగు మేరలో ఎచ్చట నేల అన్నిటికంటె ఎత్తుగా నున్నదో రసమట్టముతో చూచి, ఆ చోటు నుండి లెక్క తీయవలెను. నేలకు తలుపునకు మధ్య 8 మిల్లీమీటర్ల సందు చాలును. ఇంకను ఎక్కువ వదలినచో అడవి అంచు గ్రామములలో తేలు దూరుటకు దారి యిచ్చినట్లే.

గీత గీసిన పిమ్మట రెండు ముఖములందును పదునైన కత్తితో గీతపై గాటు పెట్టవలెను. లేనిచో రంపము పండ్లకు పేళ్లు లేచును. పాత తలుపులలో మేకులు దాగియుండును, వానిని ముందే వెదకవలెను. చిత్రిక పట్టునప్పుడు అంచుల నుండి నడిమికి పట్టవలెను గాని, ఒక కొన నుండి రెండవ కొనకు త్రోయరాదు; నిలువు కమ్ము కొన పగిలిపోవును. కోసిన ముఖమునకు అవిసెనూనెయో రంగో రెండు పూతలు తప్పనిసరి. గది కడిగినప్పుడెల్ల నీరు పీల్చునది ఆ భాగమే, కంటికి కనబడదు గనుక వడ్రంగులు దానిని విడిచివేయుదురు.

బందులు లేక ఇరుసుపై తిరుగు పాత తలుపుల సంగతి ప్రత్యేకము. ఇరుసు రెక్కలోని భాగమే; అడుగున గుంటలో నిలిచి, పైన మరియొక రంధ్రములో తిరుగును. ఇట్టి తలుపును పైకెత్తి క్రింది కొనను గుంట నుండి తప్పించి విప్పుదురు. దీని ఇరుసును ఎంతమాత్రము ముట్టరాదు. నేలపై తిరుగు భాగమును మాత్రమే తీయవలెను. బేల్దారులు గచ్చుతో ఆ గుంటను పూడ్చివేయకుండ గుడ్డ కుక్కి యుంచవలెను.

గడప విషయమున మన స్త్రీల మాటకు విలువ యీయవలెను. పసుపు కుంకుమ లుంచు గడపను కోయుట వారికి సమ్మతము కాదు. కోయుట అవసరమును కాదు. గది నేల గడపను మించి లేచునట్లున్నచో, నేలను దించుటయే అచ్చట సరియైన మార్గము. ద్వారబంధపు కాళ్లను తడి గచ్చులో పాతినచో అవి పుచ్చును, చెద పట్టును. గచ్చు వేయుటకు ముందే వానికి తారు పూత పూయింపవలెను.

తీర్మానము వ్రాయునప్పుడే “తలుపులు విప్పుట, కోయుట, మరల అమర్చుట” అని వేరుగా ఒక పద్దు చేర్చి, ఎన్ని రెక్కలో సంఖ్య వేయవలెను. కొలత పుస్తకములో పని నమోదగునప్పుడు సభ్యు లొకరు దగ్గర నుండి ప్రతి తలుపును పూర్తిగా తెరచి మూసి చూడవలెను. నేలలోనికి దిగు నిలువు గొళ్లెమునకు క్రొత్త బండలో రంధ్రము చేసిరా లేదా యని కూడ అప్పుడే చూడవలెను. విప్పిన పాత బందులు, గొళ్లెములు మిగిలినచో వానిని సామాను రిజిస్టరులో ఎక్కించవలెను.