ఫిల్లింగ్ పెట్టించిన పన్ను మళ్లీ ఎందుకు పుచ్చుతుంది?



"పన్ను పుచ్చింది, ఫిల్లింగ్ పెట్టించేశాం, ఇక ఆ పన్ను గురించి దిగులు లేదు" అని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి ఫిల్లింగ్ ఉన్న పన్నునే ఎక్కువ కనిపెట్టి ఉండాలి. ఫిల్లింగ్ తీసి కొత్తది పెట్టించాల్సి రావడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఒకటి, దాని అంచు వెంట పన్ను మళ్లీ పుచ్చడమే. ఇప్పుడు కొన్ని క్లినిక్‌లలో 'యాంటీబ్యాక్టీరియల్ ఫిల్లింగ్' అనే మాట వినిపిస్తోంది. అదేమిటో, దానికి అదనంగా డబ్బు పెట్టాలో లేదో తెలుసుకుందాం.

అంచు దగ్గర ఏం జరుగుతుంది?

నోటిలో ఉండే స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ వంటి బ్యాక్టీరియా మనం తిన్న చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. పంటి మీది పాచిలో పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. కాసేపటికి లాలాజలం ఆ ఆమ్లం తీవ్రతను తగ్గించి, పోయిన ఖనిజాల్లో కొంత తిరిగి చేరుస్తుంది.

పంటి రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్‌ను నీలి కాంతితో గట్టిపరిచేటప్పుడు అది కొద్దిగా కుంచించుకుపోతుంది. దానివల్ల పన్నుకూ ఫిల్లింగ్‌కూ మధ్య కంటికి కనిపించనంత సన్నని సందు ఏర్పడవచ్చు. బ్రష్ అక్కడికి చేరదు. బ్యాక్టీరియా చేరతాయి.

శాస్త్రవేత్తలు ఏం కనిపెట్టారు?

గ్లాస్ అయానమర్ సిమెంట్: బ్రిటన్‌కు చెందిన విల్సన్, కెంట్ అనే శాస్త్రవేత్తలు 1970ల తొలినాళ్లలో దీన్ని రూపొందించారు. ఇది ఫ్లోరైడ్‌ను నెమ్మదిగా విడుదల చేస్తుంది. ఆ ఫ్లోరైడ్ తగ్గాక టూత్‌పేస్ట్ నుంచి మళ్లీ కొంత పీల్చుకుంటుంది. అయితే నమిలే ఒత్తిడిని కాంపోజిట్ అంత బాగా తట్టుకోలేదు. పిల్లల పాలపళ్లకు దీన్ని తరచుగా వాడతారు.

ఎండీపీబీ: జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో ఇమాజాటో బృందం 1990లలో దీనిపై పరిశోధన చేసింది. ఇది ఫిల్లింగ్ పదార్థంలోనే అతుక్కుపోయి, తనను తాకిన బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. కానీ లాలాజలంలోని ప్రోటీన్లు పైన పొరలా పేరుకుంటే దీని ప్రభావం తగ్గుతుంది.

వెండి రేణువులు, క్లోర్‌హెక్సిడిన్ వంటివి కలిపిన పదార్థాలపైనా ప్రయోగాలు జరిగాయి. మందు బయటికి వచ్చి పనిచేసే రకమైతే, అది అయిపోయేకొద్దీ రక్షణ కూడా తగ్గిపోతుంది.

మరి అదనపు ఖర్చు పెట్టాలా?

ప్రయోగశాలలో బ్యాక్టీరియాను చంపడం ఒక మెట్టు. పిల్లల నోటిలో ఏళ్ల తరబడి పుచ్చు రాకుండా ఆపడం ఇంకా పై మెట్టు. వైద్య పరిశోధనలను వడపోసే కోక్రేన్ సంస్థ, యాంటీబ్యాక్టీరియల్ మందు కలిపిన కాంపోజిట్ ఫిల్లింగ్‌ల గురించి 2009లో సమీక్ష చేసి, 2013లో మరోసారి వెతికింది. రోగులపై జరిగిన పరీక్షల్లో దాని ప్రమాణాలకు సరిపడినది ఒక్కటీ దొరకలేదు. అంటే ఇవి పనిచేయవని తేలలేదు, పనిచేస్తాయనీ తేలలేదు. పరిశోధన ఇంకా సాగుతోంది.

కాబట్టి డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగండి: "ఏ పదార్థం పెడుతున్నారు? మా పాప వయసుకు, ఈ పంటికి అదే ఎందుకు? మళ్లీ ఎప్పుడు చూపించాలి?"

ఇంట్లో మీ చేతిలో ఉన్నవి

• ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి ఫ్లోరైడ్ టూత్‌పేస్ట్‌తో బ్రష్ చేయించండి. రాత్రి బ్రష్ అయ్యాక నీళ్లు తప్ప ఏమీ ఇవ్వవద్దు.
• మూడేళ్లలోపు వారికి బియ్యపు గింజంత, 3 నుంచి 6 ఏళ్ల వారికి బఠానీ గింజంత పేస్ట్ చాలు. మింగకుండా ఉమ్మడం నేర్పండి. నల్గొండ వంటి చోట్ల ఫ్లోరోసిస్ తెచ్చింది ఏళ్ల తరబడి తాగిన నీటిలోని అధిక ఫ్లోరైడ్. మీ ప్రాంతపు నీటిలో అది ఎక్కువని తెలిస్తే డాక్టరుగారికి చెప్పండి.
• ఏడెనిమిదేళ్లు వచ్చేవరకు బ్రష్ చేసేటప్పుడు పక్కన ఉండి సాయం చేయండి.
• బిస్కెట్లు, చాక్లెట్లు, కూల్‌డ్రింకులు రోజంతా కొంచెం కొంచెంగా ఇస్తే లాలాజలానికి తన పని చేసుకునే వ్యవధి దొరకదు. ఇస్తే భోజనంతో పాటే ఇవ్వండి.
• "ఎలాగూ ఊడే పళ్లే కదా" అని వదిలేయవద్దు. వెనక పాలపళ్లు 10 నుంచి 12 ఏళ్ల వరకు ఉంటాయి. ఆరేళ్లప్పుడు వాటి వెనకే వచ్చే దవడ పన్ను శాశ్వత దంతం. అది మళ్లీ రాదు.

ఈ రాత్రి బ్రష్ చేయించాక టార్చిలైటుతో మీ పిల్లల నోరు ఒకసారి చూడండి. ఫిల్లింగ్ అంచు విరిగినట్టున్నా, నల్లటి గీత కనిపించినా, అక్కడ తిండి ఇరుక్కుంటోందని గానీ చల్లటివి తాగితే జివ్వుమంటోందని గానీ చెప్పినా, నొప్పి వచ్చేదాకా ఆగకండి. నల్లటి గీత ప్రతిసారీ పుచ్చు కాకపోవచ్చు, కానీ ఆ మాట చెప్పాల్సింది పళ్ల డాక్టరే.