మనుషులు వాళ్ళే, ఫ్యాక్టరీ వేరు

ఫెస్ట్‌లో ఏదైనా బెడిసికొడితే మనం ముందు వెతికేది మనిషిని. "వాడికి సీరియస్‌నెస్ లేదు", "ఆ టీమే వేస్ట్" అనేస్తాం. బిజినెస్ స్కూళ్ళలో సంస్థల డిజైన్ నేర్పే క్లాసు ముందుగా మాన్పించేది ఈ అలవాటునే. అక్కడ తరచూ వినిపించే కథ ఇది.

అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కి ఒక కార్ల ఫ్యాక్టరీ ఉండేది. ఎప్పుడూ గొడవలే. ఇంచుమించు ఐదుగురిలో ఒకరు డ్యూటీకి వచ్చేవారు కాదు. కార్ల నాణ్యత అధ్వానం. 1982లో మూసేశారు. 1984లో టయోటాతో కలిసి 'నుమ్మీ' పేరుతో మళ్ళీ తెరిచారు. కార్మికుల్లో ఎక్కువమంది పాతవాళ్ళే, యూనియనూ పాతదే. అయినా రెండేళ్ళు తిరిగేసరికి అది ఆ కంపెనీలోనే మంచి కార్లు చేసే ఫ్యాక్టరీల్లో ఒకటైంది. గైర్హాజరూ బాగా తగ్గిపోయింది.

మరి మారిందేంటి? జే గాల్‌బ్రెయిత్ అనే ఆచార్యుడు సంస్థని ఐదు కోణాల నక్షత్రంగా గీశాడు: వ్యూహం, నిర్మాణం, పద్ధతులు, ప్రతిఫలాలు, మనుషులు. ఆ బొమ్మతో నుమ్మీని చూద్దాం.

నిర్మాణం: పాత ఫ్యాక్టరీలో "ఇది నా పని కాదు" అనడానికి వీలుగా డజన్లకొద్దీ ఉద్యోగ వర్గాలుండేవి. వాటిని రెండు మూడుకి కుదించి, చిన్న చిన్న టీములు చేశారు.

పద్ధతులు: పాతచోట లైను ఆపడం మహాపాపం. తప్పున్న కారైనా ముందుకి పోవాల్సిందే, తర్వాత బాగుచేసుకుందాం అనేవారు. నుమ్మీలో తప్పు కనబడితే ఎవరైనా పైనున్న తాడు లాగొచ్చు. టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు. సమస్య అప్పటికీ తీరకపోతే లైను ఆగుతుంది.

ప్రతిఫలాలు: తాడు లాగితే ఉద్యోగం పోతుందన్న భయముంటే ఎవరూ లాగరు. అందుకే ఉద్యోగాలు తీసెయ్యడం ఆఖరి మార్గమని ఒప్పందంలోనే రాసుకున్నారు. అమ్మకాలు పడిపోయినప్పుడు కూడా మాట తప్పలేదు. ఖాళీగా ఉన్నవాళ్ళని శిక్షణకి పంపారు.

మనుషులు: వందలమందిని జపాన్ పంపి, అక్కడి లైన్ల మీద పని నేర్పించారు.

అసలు పాఠం ఇక్కడుంది. ఇదే పద్ధతిని జనరల్ మోటార్స్ తన వాన్‌నైస్ ఫ్యాక్టరీలోనూ పెట్టాలని చూసింది, పొసగలేదు. తాడు వచ్చింది కానీ, మేనేజర్లని మెచ్చుకునేది మాత్రం ఎన్ని కార్లు బయటికొచ్చాయన్న లెక్కతోనే. ఒక కోణం మార్చి మిగతావి వదిలేస్తే నక్షత్రం నిలబడదు. నుమ్మీ కూడా శాశ్వతం కాలేదు. జనరల్ మోటార్స్ తప్పుకున్నాక 2010లో మూతపడింది. ఎంత మంచి డిజైనైనా యజమానుల వ్యూహం మారితే దాన్ని కాపాడలేదు.

ఇప్పుడు మన క్లబ్బుల సంగతికొద్దాం. పోస్టర్‌కి ఎన్ని సంతకాలు కావాలి? "అన్నా, ఇది టైముకి అవ్వదు" అని ముందే చెప్పిన జూనియర్‌కి మనమిచ్చేది సాయమా, చీవాట్లా? పని చేసినవాడికీ చెయ్యనివాడికీ ఒకటే సర్టిఫికెట్టా? వచ్చే ఏడు కమిటీలోంచి ఎవర్ని తీసెయ్యాలో తేల్చేముందు ఈ మూడింటికీ జవాబులు రాసి చూడండి. తీసెయ్యాల్సింది మనిషిని కాదేమో.