ఇంటి అలంకరణ: హద్దులు, మర్యాదలు

ఇంటిని అందంగా ఉంచుకోవడం దైవభీతికి విరుద్ధమని కొందరు భావిస్తుంటారు. ఇది సరికాదు. అల్లాహ్ మన ఇళ్ళను మనకు విశ్రాంతి స్థలాలుగా చేశాడనీ, జంతువుల ఉన్ని, బొచ్చు, వెంట్రుకలతో ఇంటి సామగ్రిని ప్రసాదించాడనీ నహ్ల్ సూరా 80వ ఆయతు తెలియజేస్తోంది. అక్కడ ఇంటి గురించి వాడిన పదం ‘సకన్’. మనం ఉర్దూలో వాడే ‘సుకూన్’ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. కనుక ఏ వస్తువు కొనేముందైనా, దీనివల్ల ఇంట్లో సుకూన్ పెరుగుతుందా, తరుగుతుందా అని ఆలోచించాలి.

ఒకసారి దైవప్రవక్త (సల్లం) యుద్ధయాత్రలో ఉండగా హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలున్న ఒక పరదాను తలుపుకు వేలాడదీశారు. ఆయన తిరిగివచ్చి చూడగానే ముఖంలో అయిష్టత కనబడింది. పరదాను లాగి చించివేశారు. రాళ్ళకూ మట్టికీ బట్టలు తొడగమని అల్లాహ్ మనల్ని ఆదేశించలేదని చెప్పారు. ఇంతవరకు చాలామంది విన్నదే. తర్వాత జరిగింది మాత్రం తక్కువగా చెబుతుంటారు. విశ్వాసుల మాతృమూర్తి ఆ బట్టను పారవేయలేదు. కత్తిరించి రెండు దిండ్లు కుట్టి, ఖర్జూరపు పీచు నింపారు. దానికి ఆయన ఆక్షేపణ తెలుపలేదు (ముస్లిం). కత్తిరించడంతో బొమ్మల ఆకారం చెడిపోయిందని కొందరు ఉలమా, ఆనుకునే దిండులో బొమ్మకు గౌరవం మిగలదని మరికొందరు వివరించారు. ఏ వివరణ తీసుకున్నా, వస్తువు వృథా కాలేదు.

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంలో మరో కారణం ఉంది. పరదా మీది బొమ్మలు నమాజులో అదేపనిగా కళ్ళముందు కదులుతున్నాయనీ, దాన్ని తీసేయమనీ ఆయన (సల్లం) ఆయిషా (రజి)కు చెప్పారు (బుఖారీ). కాబట్టి ఇంట్లో స్త్రీలు నమాజు చేసే చోట ఎదుటి గోడ సాదాగా ఉండాలి. షోకేసుకు గోడంతా ఇచ్చి, జానమాజ్ పరచడానికి మూల వెతుక్కునే ఇళ్ళు మనలో తక్కువేమీ కాదు! ప్రాణుల బొమ్మల బదులు చెట్లు, పూలు, లతలు ఉండవచ్చు. చిత్రాలు గీసి బతికే ఒక వ్యక్తికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఇచ్చిన సలహా ఇదే.

ఇక ఖర్చు. భర్తకొక పడక, భార్యకొకటి, అతిథికొకటి; నాలుగోది షైతానుదని హదీసు (ముస్లిం). పిల్లలు ఎక్కువున్న ఇంట్లో నాలుగో మంచం ఉండకూడదని దీని అర్థం కాదు. అవసరం లేకుండా ప్రదర్శన కోసం పోగుచేసేదే ఇక్కడ నింద్యం. ఫాల్స్ సీలింగ్ కోసం, సోఫాల కోసం వడ్డీకి అప్పు తెచ్చేవారిని చూస్తుంటే మాకు బాధ కలుగుతుంది. హాలు మెరుస్తుంది, నెలనెలా వాయిదా గుర్తొచ్చి ఇంటి యజమానికి నిద్ర పట్టదు. పేద బంధువు వస్తే ఆ ఖరీదైన సోఫా అంచున ముడుచుకుని కూర్చుంటాడు. సుకూన్ ఎవరికి దక్కినట్లు? ఉన్న పాత మంచానికి ఉతికిన దుప్పటి, కిటికీకి సాదా పరదా, వాకిట్లో శుభ్రత. వీటికి అప్పు అక్కరలేదు.

ఆయతుల ఫ్రేములు తగిలించేవారు వాటిపై దుమ్ము పేరుకోనివ్వరాదు. వాటికింద టీవీ పెట్టడం మర్యాద కాదు.

కొత్తగా ఇల్లు కట్టుకునేవారు మరచిపోయే విషయం ఒకటుంది. మలమూత్ర విసర్జన వేళ ఖిబ్లాకు ముఖంగానీ వీపుగానీ పెట్టరాదు. నాలుగు గోడల మధ్య కొందరు ఇమాములు సడలింపు ఇచ్చినా, హనఫీ మస్లక్‌లో అక్కడా ఇదే ఆదేశం. మన తెలుగు ప్రాంతంలో ఖిబ్లా పడమర వైపు, కాస్త ఉత్తరానికి వాలి ఉంటుంది. కనుక కమోడ్‌ను ఉత్తర దక్షిణాలుగా పెట్టించాలి. టైల్స్ పరిచాక మార్చడం కష్టం, ప్లాను గీసేటప్పుడే మేస్త్రీకి చెప్పండి.